ఆ వేబ్రిడ్జి సర్క్యూట్ నాది కాదు

బిలాస్‌పూర్ పక్క సిర్గిట్టిలో లారీలు తూచే వేబ్రిడ్జిలు బాగుచేసే మెకానిక్కులు మా వర్క్‌షాపు చేసిన సర్క్యూట్ బోర్డు చేతికి రాగానే దాన్ని ఆంధ్రా సాబ్ సర్క్యూట్ అంటారు. ఆ ఆంధ్రా సాబ్ నేనే. కానీ ఆ బోర్డులో అసలు పని చేసే భాగం నేను వేసింది కాదు. మా పక్క క్వార్టర్లో పెరిగిన అమ్మాయి వేసింది. అందులో అక్కర్లేని భాగం మాత్రం నాదే. ఇన్నేళ్ళుగా ఈ రెండూ తలకిందులుగా చలామణీ అవుతుంటే నేను ఊరుకున్నాను. ఇక్కడి మా తెలుగువాళ్ళ ఇళ్ళలో ఇంకా కొందరికి ఆమె సర్క్యూట్ చెడిందన్న పాత మాటే గుర్తుంది కాబట్టి, జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ సర్క్యూట్ ఏం చేస్తుందో చెప్పాలి. లారీ వేబ్రిడ్జి ఎక్కినప్పుడు కింద గుంటలో ఉన్న లోడ్ సెల్ అనే ఉక్కు దిమ్మ కంటికి కనిపించనంత నలుగుతుంది. ఆ నలుగుడుకి రెండు తీగల మధ్య చాలా చిన్న వోల్టేజి తేడా పుడుతుంది. పక్కనున్న క్యాబిన్‌లో మా బోర్డు ఆ తేడాని పెద్దది చేసి అంకెగా చూపిస్తుంది. చిక్కేమిటంటే, గుంట నుంచి క్యాబిన్‌కి వచ్చేలోపు ఆ తీగలు చుట్టుపక్కల ఉన్న కరెంటు గోలంతా పోగేసుకుంటాయి. బిలాస్‌పూర్‌లో ఆ గోలకి కొదవేముంది? ఏ పట్టాల పైకి చూసినా ఇరవై ఐదు వేల వోల్టుల తీగే. అయితే ఆ గోల రెండు తీగల మీదా సమానంగా పడితే ఇబ్బంది లేదు. డిఫరెన్షియల్ యాంప్లిఫయర్ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని వదిలేసి, తేడాని మాత్రమే పట్టుకుంటుంది. దానికి కావలసిందల్లా రెండు వైపులా ఒకేలా ఉండడం.

ఆమె మా వర్క్‌షాపులో చేరేనాటికి నేను అక్కడ సీనియర్‌ని. మా నాన్న, వాళ్ళ నాన్న ఇద్దరూ రైల్వేలో ట్రాక్షన్ లైన్‌మెన్లు, అంటే పట్టాల పైనున్న ఆ కరెంటు తీగలు బాగుచేసేవాళ్ళు. ఇద్దరివీ శ్రీకాకుళం వైపు ఊళ్ళే. చిన్నప్పుడు ఆమె మా పెరట్లోంచి కరివేపాకు కోసుకుపోయేది. అలాంటి పిల్ల ఇంజినీరింగ్ చదువుకుని వచ్చి, "అన్నయ్యా, ఇక్కడ మల్టీమీటర్లు ఏ అల్మారాలో ఉంటాయి?" అని అడిగితే నాకు సంతోషమే వేసింది. వర్క్‌షాపు యజమాని మా సేఠ్ ఆమెను ప్రొబేషన్ మీద తీసుకున్నాడు. మొదటి పనిగా వేబ్రిడ్జి యాంప్లిఫయర్‌ని కొత్తగా గీయమన్నాడు. అది సరిగ్గా వస్తే ఉద్యోగం ఖాయమన్నమాట.

ఆమె గీసింది చూసి నేను నవ్వాను. ఒక చిప్పు, దాని చుట్టూ గుప్పెడు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు. అంతే. అప్పటిదాకా మేం వాడుతున్న బోర్డులో దానికి నాలుగింతల సరుకు ఉండేది. మిగతావన్నీ ఎక్కడ పెడతావని అడిగితే, ఏవీ పెట్టనంది. భాగాలు పెరిగిన కొద్దీ రెండు వైపులూ ఒకేలా ఉంచడం కష్టమనీ, ఒక వైపు కెపాసిటర్ రవ్వంత ఎక్కువున్నా ఉమ్మడి గోల కాస్తా తేడాగా మారిపోయి అంకెలో కూర్చుంటుందనీ చెప్పింది. నాకు తెలియని సంగతి కాదు. తెలిసినా, అంత ఖాళీగా ఉన్న బోర్డు చూస్తే ఎవరో పని సగంలో వదిలి వెళ్ళినట్టు అనిపించింది.

వర్క్‌షాపు బల్ల మీద ఆ బోర్డు బంగారంలా పనిచేసింది. అంకె కదలకుండా నిలబడింది. సేఠ్ కూడా వచ్చి చూసి తల ఊపి వెళ్ళాడు.

తర్వాత ఒక బొగ్గు సైడింగ్, అంటే గూడ్సు బళ్ళకి బొగ్గు ఎక్కించే పట్టాల పక్కనున్న వేబ్రిడ్జిలో దాన్ని బిగించాం. కేబుల్ వేయించే పని నాది. ఆ కేబుల్లో తీగల చుట్టూ రాగి అల్లికతో ఒక తొడుగు ఉంటుంది. దాన్ని షీల్డ్ అంటాం. బయటి గోల తీగల దాకా రాకుండా అది అడ్డుకుంటుంది. దాన్ని నేలకు, అంటే ఎర్త్‌కు, కలపాలి. నేను దాన్ని క్యాబిన్ వైపూ కలిపాను, గుంట వైపూ కలిపాను.

ఎందుకలా చేశానో చెప్తే మా ఇంట్లో పెరగనివాళ్ళకు వింతగా ఉంటుంది. పై తీగ మీద పని చేయాలంటే కరెంటు ఆపిన తర్వాత కూడా, పనిచేసే చోటుకి అటువైపు ఒక రాడ్డు, ఇటువైపు ఒక రాడ్డు పెట్టి తీగను ఎర్త్ చేయాలి. ఆ తర్వాతే మనిషి చెయ్యి పెట్టాలి. ఒక్కవైపే పెట్టి పైకెక్కిన మనిషి గురించి మా నాన్న అన్నం తింటూ చెప్పేవాడు. చెప్పి, ముద్ద కలపడం ఆపి మా మొహాల్లోకి చూసేవాడు. రెండు చివరలా ఎర్త్ అనేది మా ఇంట్లో సూత్రం కాదు. భోజనానికి ముందు చేతులు కడుక్కోవడం లాంటి అలవాటు. పక్క క్వార్టర్లో కూడా అదే మాట వినపడేది.

సైడింగ్‌లో లారీ వేబ్రిడ్జి ఎక్కింది. అంకె నిలబడలేదు. పక్క లైన్‌లో లోడు మీదున్న గూడ్సు కదలగానే అంకె పైకీ కిందికీ గంతులేసింది. రైలు పోగానే కొంత తగ్గింది. ఇంకో రైలు రాగానే మళ్ళీ అంతే. ఆ సైడింగ్ మేనేజర్ తన లారీల వరసనూ మా మొహాలనూ మార్చి మార్చి చూశాడు. సేఠ్ నన్ను పక్కకి పిలిచి ఏమిటిదని హిందీలో అడిగాడు. బల్ల మీద పనిచేయడం వేరు, సైట్‌లో పనిచేయడం వేరు, ఈ డిజైన్ మరీ పలచగా ఉందని చెప్పాను. ఆ క్షణంలో నేను నమ్మిందే చెప్పాను. అంతవరకూ అది పొరపాటే.

ఆమె కేబుల్ చివర్లు చూసొచ్చి నా పక్కన నిలబడింది.

"అన్నయ్యా, గుంట వైపు ఎర్త్ ఒకసారి తీసి చూద్దామా?"

తీయకూడదన్నాను.

"తీసేయమనడం లేదు. ఏక్ బార్ చూద్దాం. గుంట దగ్గర నేల, క్యాబిన్ దగ్గర నేల ఒకటి కాకపోవచ్చు కదా. పట్టాల కరెంటు కొంత నేలలోంచే వెనక్కి పోతుంది. రెండు చోట్లా కట్టేస్తే అది మన షీల్డ్‌లోంచి పోతుందేమో."

"మీ నాన్న, మా నాన్న ముప్పై ఏళ్ళు ఆ తీగల మీదే పనిచేశారమ్మా. ఎర్త్ ఎక్కడ పెట్టాలో నువ్వు నాకు చెప్పకు" అన్నాను. చుట్టూ మా కుర్రాళ్ళు ఉన్నారు. ఎవరో చిన్నగా నవ్వారు.

ఆ తర్వాత నెలల తరబడి నేను ఆ బోర్డుకి సరుకు ఎక్కిస్తూ పోయాను. ముందొక ఫిల్టర్. అది చాలక దాని వెనక ఇంకో ఫిల్టర్. ఫిల్టర్ల వల్ల సిగ్నల్ తగ్గితే పెంచడానికి మరో యాంప్లిఫయర్. అది తెచ్చిన కొత్త గోలకి దాని మీద ఒక సర్దుబాటు స్క్రూ. ప్రతిసారీ కొంచెం తగ్గినట్టే ఉండేది, కొత్త చోట మళ్ళీ మొదలయ్యేది. ఆమె గీసిన చిన్న బోర్డు ఆ గుంపులో కనపడకుండా పోయింది. కనపడకపోయినా పేరు మాత్రం దానిదే చెడింది. ప్రొబేషన్ ముగిసేనాటికి సేఠ్ ఆమెను పిలిచి, డిజైన్ పని ఆమెకు పడదేమో, స్టోర్స్ చూసుకుంటుందా అని అడిగాడట. ఆమె అక్కర్లేదని చెప్పి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నా బల్ల దగ్గరకి వచ్చి సోల్డరింగ్ ఐరన్ అప్పగించింది. నేనేదో ధైర్యం చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. గుర్తులేకపోవడమే మంచిది.

మా తెలుగువాళ్ళ మధ్య ఏ మాటా దాగదు. ఫలానా వాళ్ళమ్మాయి చేసిన సర్క్యూట్ సైడింగ్‌లో ఫెయిలయిందట అన్న మాట రామాలయంలో ప్రసాదం పంచేచోట నేనే విన్నాను. ఆమె రాజ్‌కిశోర్ నగర్‌లో ఒక బడిలో లెక్కలు చెప్పడానికి చేరింది. పెళ్ళయింది. కొడుకు పుట్టాడు.

నిజం నాకు తెలిసింది ఆమె వెళ్ళిన తర్వాతి వానాకాలంలో. అదే సైడింగ్ నుంచి, కాంటా ఇప్పుడు చాలా బాగా పనిచేస్తోందని కబురొచ్చింది. మేం ఏమీ చేయకుండానే బాగుపడిందంటే అనుమానం వచ్చి వెళ్ళాను. గుంటలో నీళ్ళు నిలిచి, ఎర్త్ బోల్టు తుప్పు పట్టి, షీల్డ్ తీగ ఊడి వేలాడుతోంది. ఊడింది కదా అని అలవాటు కొద్దీ కొత్త బోల్టు వేసి బిగించాను. పైకొచ్చి చూస్తే అంకె గంతులేస్తోంది. కిందికి దిగి విప్పాను. నిలబడింది. మళ్ళీ బిగించాను. గంతులు. ఆ గుంటలో మోకాళ్ళ లోతు నల్లటి నీళ్ళలో నిలబడి ఉంటే, పక్కన నిలబడి ఆమె అడిగిన మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం ఉస్లాపూర్‌లో మా ఇంటి వరండాలో నాన్నకి చెప్పాను. మీ రూలు వల్లే ఇలా అయిందని కూడా అన్నాను. ఆయనకి కోపం వచ్చింది.

"నా రూలేటిరా? నాను సెప్పింది తీగెక్కే మడిసి పేనం కోసం. నువ్వట్టుకెల్లి కాంటాకి కట్టినావు. కాంటా సస్తాదేటి?"

ఆయన కాసేపటికి మెత్తబడ్డాడు.

"మరా గుంటకి, పక్కింటి పిల్లకి, సెప్పినావా?"

చెప్తానన్నాను. ఆయన ఆ తర్వాత ఇంకో రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. మా నాన్న ఒకసారి ఊరుకుంటే ఇక ఆ విషయం ఎత్తడు. ఎత్తి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

నేను చేసిందేమిటంటే, అన్ని చోట్లా గుంట వైపు షీల్డ్ విప్పించాను. లోహపు చట్రానికి ఉన్న ఎర్త్ అలాగే ఉంచాను. కుర్రాళ్ళు ఎందుకని అడిగితే డ్రాయింగ్ మారిందన్నాను. గోల పోయింది. సేఠ్ నా ఫిల్టర్లు పనిచేశాయనుకున్నాడు. నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆంధ్రా సాబ్ సర్క్యూట్ అన్న పేరు అప్పుడే పుట్టింది.

ఆ ఫిల్టర్ల అవసరం ఇక లేదు. తీసేయొచ్చు. తీస్తే ఎందుకు తీశావని అడుగుతారు. అందుకని ప్రతి కొత్త బోర్డులోనూ వాటిని అలాగే వేయిస్తూ వచ్చాను. వాటి వల్ల అంకె నిలబడడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది. ఎండలో డ్రైవర్లు స్టీరింగ్ మీద చేతులు వాల్చుకుని ఆ అంకె కోసం ఎదురుచూడడం చాలా చోట్ల చూశాను. నా మౌనానికి వాళ్ళ టైము ఖర్చవుతోందని నాకు తెలుసు. కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఈ ఫిల్టర్ స్టేజి ఎందుకు సార్ అని అడిగితే, సైట్‌లో తెలుస్తుంది అనేవాణ్ణి. ఎంత సులువుగా అనేవాణ్ణో.

ఈ ఏడాది ఒకరోజు సిర్గిట్టిలోనే ఇంకో వర్క్‌షాపు నడిపే ఆయన ఫోన్ చేశాడు. కొడుకు బడిలో చేరాక ఆమె ఆయన దగ్గర సర్క్యూట్ పనికి దరఖాస్తు పెట్టుకుందట. ఆమె మాట్లాడిన తీరు ఆయనకు నచ్చింది. కానీ పాత వేబ్రిడ్జి గొడవ ఎవరో చెవిన వేశారు. మీతోనే పనిచేసింది కదా, ఆమె డిజైన్‌లో అంత గోల వచ్చిన మాట నిజమేనా, తీసుకోవచ్చా అని అడిగాడు.

నేను ఆఫీసులో ఉన్నాను. బల్ల మీద మా బోర్డే ఉంది. దాన్ని చూస్తూ, గోల డిజైన్‌లో లేదని చెప్పాను. కేబుల్ ఎర్త్ తప్పు, ఆ తప్పు నాది, ఆమె అప్పుడే పట్టుకుంటే నేను వినలేదని చెప్పాను. ఆయన, అలాగైతే మీ బోర్డులో ఆ ఫిల్టర్లన్నీ ఇప్పటికీ ఎందుకున్నాయని అడిగాడు. ఆ పనిలో ఉన్నవాడు కదా, సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు. ఈ తప్పు ఒప్పుకోలేక ఉంచానని చెప్పాను. ఆయన ఆమెను పిలుస్తానన్నాడు.

మా సేఠ్‌కి కూడా అదే రోజు చెప్పాను. పోటీవాడికి ముందు చెప్పి తనకి తర్వాత చెప్పినందుకు ఆయన ఎక్కువ బాధపడ్డాడు. కొన్నాళ్ళు నాతో పనికి మించి మాట్లాడలేదు. ఫిల్టర్లు లేని బోర్డు చేయమన్నాడు. చేశాం. చివరికి అది ఆమె మొదట గీసిన బొమ్మ దగ్గరికే వచ్చింది. డ్రాయింగ్ మీద ఆమె పేరు వేయించాను.

ఇక ఆమెకి చెప్పడం మిగిలింది. ఫోన్ చేస్తే అప్పటికే ఆమెకు తెలిసిపోయింది. కొత్త వర్క్‌షాపు ఆయనే చెప్పాడట. ఆమె గొంతులో కోపం లేదు, చనువూ లేదు.

"నాకు చెప్పడం వల్ల ఏం లాభం, అన్నయ్యా? నా సర్క్యూట్ సంగతి నాకు ముందే తెలుసు. మా అమ్మకి చెప్పు. నేను పనికెళ్తే పిల్లాణ్ణి తనే చూసుకోవాలి. వద్దంటోంది. ఆ లైన్లో నీ చెయ్యి మంచిది కాదు, మళ్ళీ మాట పడతావు, బడి ఉద్యోగమే ఉంచుకో అంటోంది. నేను చెప్తే నమ్మట్లేదు. తనకి నువ్వు చెప్పిందే పక్కా."

ఆదివారం రాజ్‌కిశోర్ నగర్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. నేను పిన్నీ అని పిలిచే వాళ్ళమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నన్ను చూసి చాలా సంతోషించింది. నాన్న ఆరోగ్యం అడిగింది. టీ పెట్టమని కూతురికి చెప్పింది. ఎలాగో మొదలుపెట్టాను. తీగలు, షీల్డ్, ఎర్త్ అంటుంటే పిన్ని మొహంలో ఏమీ కదలలేదు.

"ఇయన్నీ నాకేటి తెలుస్తాయి బాబూ" అంది.

అప్పుడు త్రాసు సంగతి ఎత్తాను. రెండు పళ్ళేల్లోనూ ఒకే బరువు పడితే ముల్లు కదలదు కదా పిన్నీ, ఎంత పడినా కదలదు. మీ అమ్మాయి చేసింది అలాంటి త్రాసు. బయటి గోల రెండు పళ్ళేల్లో సమానంగా పడుతుంది కాబట్టి ముల్లుకి అంటదు. నేను తీగ తప్పుగా కట్టడంతో ఆ గోల ఒక పళ్ళెంలో ఎక్కువ పడింది. అందుకే ముల్లు ఊగింది.

పిన్ని చేతిలో చిక్కుడుకాయ అలాగే పట్టుకుని ఆలోచించింది.

"అంటే నువ్వే ఒక పళ్ళెంలో సెయ్యెట్టి, మా పిల్ల త్రాసు మంచిది కాదన్నావు."

ఇంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేరు. అవునన్నాను. మొదట తెలియక పెట్టాను, తెలిసిన తర్వాత కూడా నోరు మూసుకున్నాను పిన్నీ, అన్నాను.

పిన్ని నన్ను తిట్టలేదు. తిడుతుందనే సిద్ధపడి వెళ్ళాను. కాయల ఈనెలు తీస్తూ కూచుంది. తర్వాత నాతో కాదు, తనలో తను అనుకున్నట్టు మాట్లాడింది. ఆ రోజుల్లో పిల్ల రాత్రి అన్నం తినేది కాదట. నీకు చేతకాని పనికి ఎందుకెళ్ళావని తను కూడా అందట. ఒకసారి కాదు, చాలాసార్లు అందట. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కూతురు వింటోందని మా ఇద్దరికీ తెలుసు.

"పిల్లోడి బడి ఎన్నింటికి వదుల్తారే?" పిన్ని గొంతు పెంచి అడిగింది.

లోపల్నుంచి వచ్చిన గొంతు తడిగా ఉంది. రెండింటికి అంది.

"మరి నాను రిక్షా కట్టించుకుని ఎల్తాను. ఎండలో నడిపించనేను ఆడ్ని."

టీ తాగి లేచాను. పిన్ని లోపలే ఉండిపోయింది, ఆమె గేటు దాకా వచ్చింది. వీధిలో ఆమె కొడుకు, ఇంకో ఇద్దరు పిల్లలు సైకిల్ చక్రాన్ని పుల్లతో దొర్లిస్తూ హిందీలో పోట్లాడుకుంటున్నారు. క్షమించమని అడగాలని ఇంటి దగ్గర్నుంచీ అనుకుంటూ వచ్చాను. ఆమె నాకు ఆ అవకాశం ఇవ్వలేదు.

"ఒక్కటి అడుగుతాను, అన్నయ్యా. ఆ రోజు సైడింగ్‌లో ఒకసారి విప్పి చూద్దాం అన్నాను. పానా నీ చేతిలోనే ఉంది. ఐదు నిమిషాల పని. ఎందుకు చూడలేదు? సచ్ చెప్పు."

మా నాన్న మాట చెప్పొచ్చు. లైన్‌మెన్ ఇళ్ళ అలవాటు చెప్పొచ్చు. అవి అబద్ధాలు కావు. కానీ కుర్రాళ్ళలో ఎవడైనా అడిగి ఉంటే, విసుక్కుంటూ అయినా ఆ బోల్టు విప్పి ఉండేవాణ్ణి. ఆ సంగతి నాకు తెలుసు. ఆమెకీ తెలుసని ఆమె కళ్ళు చూస్తే అర్థమైంది.

"నువ్వు అడిగావు కాబట్టి" అన్నాను.

ఆమె తల ఊపింది. "అచ్ఛా" అంది. చాలాకాలంగా తేలని లెక్క ఒకటి తేలితే అనే మాటలా ఉంది తప్ప, నన్ను క్షమించినట్టు లేదు. నేనూ అలా అనుకోదలచుకోలేదు. తను సోమవారం తొమ్మిదికల్లా కొత్త వర్క్‌షాపులో ఉండాలని చెప్పి, కొడుకుని భోజనానికి రమ్మని పిలుస్తూ వీధిలోకి నడిచింది.